పసుపు వల్ల ఊడిన రంగు

కొత్త కారు కొని నాలుగు నెలలు నిండకుండానే దానికి పెచ్చులు లేవడం మొదలైంది. మే నెల, ఆదివారం పొద్దున. ఆర్.కె. పురంలో మా క్వార్టర్ ముందు వేపచెట్టు కింద నిలబెట్టిన బండిని తడిగుడ్డతో తుడుస్తున్నాను. బానెట్ ఎడమ అంచున గుడ్డకి ఏదో గరుగ్గా తగిలింది. పిట్ట రెట్ట ఎండిపోయిందనుకుని గట్టిగా రుద్దాను. గుడ్డ తీసి చూస్తే బొటనవేలి గోరంత వెండిరంగు పెచ్చు దానికి అంటుకుని వచ్చింది. ఊడిన చోట పచ్చగా, పాచిపళ్ళ రంగులో ఒక పొర కనిపించింది.

అక్కడితో ఆపాల్సింది. ఆపలేదు. అంచు కింద గోరు పెట్టి లేపాను. ఇంకో పెచ్చు వచ్చింది. మరోటి లేపాను. గజ్జి గోక్కునేవాడికి చేతులు ఊరుకోనట్టే నాకూ ఊరుకోలేదు. మా ఆవిడ కాఫీ పట్టుకుని బయటికొచ్చేసరికి అరచేయంత మేర ఊడిపోయి ఉంది.

"అయ్యో, ముందు ఆ గోకడం ఆపండి బాబూ!" అంది.

కాఫీ గ్లాసు అందుకున్నాను కానీ తాగబుద్ధి కాలేదు. నా వేలిగోళ్ళ సందుల్లో వెండిరంగు పొట్టు ఇరుక్కుని ఉంది. 

అది మా మొదటి కారు. పద్దెనిమిదేళ్ళు ఢిల్లీ బస్సుల్లో ఒకళ్ళ చంకలో ఇంకొకళ్ళ ముక్కు పెట్టుకుని తిరిగి, ఆ తర్వాత స్కూటరు మీద చలికి వణికి, చివరికి కొన్నది. కొనడంలో జరిగిన హడావుడి అంతా నాది. ముహూర్తాల పట్టింపు మా ఇంట్లో ఆడవాళ్ళకి లేదు, నాకుంది. ఆ మాఘంలో ఒక గురువారం తొమ్మిదింపావు లోపు మాత్రమే మంచి సమయం, ఆ తర్వాత మూఢం వచ్చేస్తోంది, రెండు నెలలకి పైగా ఏ మంచిపనీ చెయ్యకూడదు. షోరూంలో అమ్మాయికి మూఢమంటే ఏమిటో తెలియదు. "సర్, సిల్వర్ కలర్ పది రోజుల్లో వస్తుంది, వైట్ అయితే రేపే ఇస్తాం," అని హిందీలో చెప్పింది. నాకు వెండిరంగే కావాలి, ఆ గురువారమే కావాలి. లేకపోతే బుకింగు రద్దు చేసుకుంటానని రాతపూర్వకంగా ఇచ్చాను. బుధవారం సాయంత్రం ఫోనొచ్చింది, బండి వచ్చేసిందని. చూశావా, గట్టిగా అడిగితే పని ఎలా అవుతుందో అని మా ఆవిడ దగ్గర కాలరెగరేశాను.

గురువారం షోరూంలో కారుకి దండ వేసి, మా చేతుల్లో లడ్డూల పెట్టె పెట్టి, చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు. నేను గడియారం చూస్తూ, "తొందరగా, తొందరగా బొట్టు పెట్టు, టైమైపోతోంది," అని మా ఆవిడని కంగారు పెట్టాను. ఆవిడ బానెట్ నడిమధ్యన పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఆనాటి నుంచి ప్రతి శుక్రవారం తలంటుకుని, తులసికోటకి పెట్టాక, ఆ చేత్తోనే బండికీ ఒక బొట్టు పెట్టేది. భయంతోనో మొక్కుతోనో కాదు. ఆ బండంటే ఆవిడకి ముచ్చట, అంతే.

పెచ్చులు లేచిన మర్నాడు సెలవు పెట్టి ఇద్దరం సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాం. అదొక ఇండస్ట్రియల్ ఏరియాలో, మురికికాలవ పక్కన రేకుల షెడ్డు. ముందు భాగం మాత్రం అద్దాలు, ఏసీ. సోఫాల వెనక తలలు ఆనించే చోట నూనె మరకలు జిడ్డోడుతున్నాయి. మెషీను టీ మీద మీగడ ముడతలు పడి తేలుతోంది. అమ్మేటప్పుడు చప్పట్లు కొట్టిన కంపెనీయే ఇది కూడా. ఇక్కడ గంటన్నర కూర్చున్నా మా వైపు చూసిన దిక్కు లేదు.

చివరికి సర్వీస్ అడ్వైజర్ అని ఒకతను వచ్చాడు. టై కట్టుకున్నాడు, టై మీద పప్పు మరక. కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి, పెన్ను క్యాప్‌తో ఊడిన అంచుని గిల్లాడు. ఇంకో రెండు పెచ్చులు రాలాయి. వాటిని బూటుతో పక్కకి తోసేశాడు. తర్వాత బానెట్ మీద మసకగా మిగిలిన శుక్రవారం బొట్టు వైపు చూసి పళ్ళికిలించాడు.

"సర్, మేడమ్ గాడీ కీ పూజా కర్తీ హై క్యా?"

అవునన్నాను. అతను ఊడిన చోట కనిపిస్తున్న పచ్చటి పొర మీద వేలు పెట్టి, "యే దేఖియే సర్, హల్దీ. అందర్ తక్ చలీ గయీ," అన్నాడు. పసుపు రంగు లోపలికి ఇంకిపోయి పెయింటుని తినేసిందట. బయటి పదార్థం వల్ల వచ్చిన నష్టం, వారంటీలో రాదట. చెప్తూనే చేతిలోని జాబ్ కార్డు మీద రాసేసుకుంటున్నాడు.

మా ఆవిడ ముందుకొచ్చింది. "పసుపు పెడితే రంగూడిపోతుందా అండీ? మా ఊళ్ళో గడపలకి ఊహ తెలిసినప్పట్నించీ రాస్తున్నాం. ఏ గడపకైనా రంగూడిందా? చెప్పండి ఇతనికి," అంది నాతో. ఆవిడ హిందీ కూరగాయల బేరానికి సరిపోతుంది కానీ ఇలాంటి వాదనకి చాలదు. అందుకని నన్ను చెప్పమంటోంది.

నేను చెప్పలేదు. "నువ్వు కాస్సేపు నోరు మూసుకుంటావా," అన్నాను తెలుగులో. తెలుగు రాకపోయినా ఆ మాట భావం షెడ్డులో అందరికీ తెలిసిపోయింది. అడ్వైజరు నా భుజం మీద చెయ్యి వేశాడు, ఏం చేస్తాం సర్, ఆడవాళ్ళు ఇంతే అన్నట్టు. ఆ చేతిని నేను తీసెయ్యలేదు. ఇప్పటికీ ఆ భుజం తలుచుకుంటే నాకు రోత పుడుతుంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేను అతని మాట నమ్మాను. డిగ్రీ చదివినవాణ్ణి, కేంద్ర ప్రభుత్వంలో ఆఫీసర్ని. పైన రాసిన పసుపు పెయింటు పొరని దాటి కిందికెళ్ళి అక్కడ పొరలా పరుచుకుంటుందని ఒక టైవాలా చెప్తే నమ్మేశాను. పచ్చగా ఉంది కాబట్టి పసుపే అయ్యుంటుంది అనుకున్నాను. ఇంటికొచ్చాక తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి కూడా అడిగింది, "పాపా, హల్దీ పెయింట్ కే నీచే కైసే జాయేగీ?" అని, పెయింటు కిందికి పసుపు ఎలా వెళ్తుందని. నీ చదువు నువ్వు చూసుకో అన్నాను.

ఆ వేసవంతా మా ఇంట్లో అదే గోల. నేను కంపెనీకి ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాను. మా మంత్రిత్వ శాఖలో నా పనే అది. కిందివాళ్ళు రాసుకొచ్చిన చిత్తుప్రతుల్ని దిద్దడం, పదును పెట్టడం, మనకి ఇబ్బంది కలిగించే మాటని మెల్లిగా ఇంకొకళ్ళ నెత్తిన పడేలా తిప్పడం. ఇరవై ఏళ్ళు అదే చేశాను. మొత్తం ఐదు ఉత్తరాలు రాశాను, రిమైండర్లతో సహా. ఐదింటికీ పసుపు వల్లేనని అవే నాలుగు వాక్యాల జవాబు వచ్చింది. గోడకి చెప్పుకోవడమే నయం. జవాబు వచ్చిన ప్రతిసారీ ఒళ్ళు మండేది. ఆ మంట ఎవరి మీద తీర్చుకోవాలి? కంపెనీ దూరంగా ఉంది, మా ఆవిడ దగ్గరగా ఉంది.

శుక్రవారాలు పసుపు గిన్నె తులసికోట దగ్గరే ఆగిపోయింది. ఆవిడ బండి వైపు వెళ్ళడమే మానేసింది. నాకు అది కూడా చాలలేదు. మా కాలనీలోనే ఇంకో తెలుగువాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్తే, నలుగురూ కారు సంగతి అడిగారు. "మా ఆవిడ భక్తికి మనిషినైన నేనే తట్టుకోలేకపోతున్నాను, పాపం బానెట్ ఎంత," అన్నాను. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అక్కడున్న ఆంటీలు కూడా నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది, చేతిలో ప్రసాదం ఉన్న ఆకు దొన్నెతో. ఆ నవ్వు ఎంతసేపు నిలబెట్టుకుందో నేను చూడలేదు. రెండో జోకు కోసం వెతుక్కుంటున్నాను.

పెచ్చులు మాత్రం ఆగలేదు. బానెట్ అంచు నుంచి ఎడమ మడ్‌గార్డ్ మీదికి పాకాయి. దుమ్ము గాలి వీచినప్పుడల్లా కొత్త ముక్క లేచేది. ట్రాఫిక్ లైటు దగ్గర పక్క బండివాళ్ళు జాలిగా చూసేవారు. ఆఫీసు పార్కింగులో దాన్ని గోడవైపుకి తిప్పి పెట్టేవాణ్ణి. బట్టతలకి పక్క జుట్టు దువ్వుకునేవాడి తంతు నాది.

జులైలో ఒక శనివారం మా ఆవిడ అంది, "బేర్ సరాయ్ వెళ్ళినప్పుడు అమ్మాయికి పుస్తకాలు కొనే కొట్టు అవతల, కార్ల సొట్టలు తీసి రంగేసే డెంటింగ్ పెయింటింగ్ ముసలాయన ఒకాయన కనబడ్డాడండి. అడిగొచ్చాను. బండి తీసుకొస్తే చూస్తానన్నాడు."

నాకు చెప్పకుండా అడిగొచ్చిందన్నమాట. విసుక్కుంటూనే వెళ్ళాను. ఆ సందులో స్టూడెంట్ల గదులు, మెస్సులు, జిరాక్సు కొట్లు దాటాక ఒక ఖాళీ స్థలంలో టార్పాలిన్ కింద ముసలాయన స్టూలేసుకుని కూర్చున్నాడు. గడ్డం నిండా ఎవరి కారు రంగో ఎర్రగా చిందింది. మేం ఏం చెప్పకముందే మెటికలతో బానెట్ మీద రెండుచోట్ల కొట్టాడు. ఒక చోట రేకు మోగింది. ఎడమ అంచున మోగలేదు, చెక్క మీద కొట్టినట్టు చప్పుడైంది. లేచి వెళ్ళి, పాత రేడియో స్పీకర్లోంచి తీసిన గుండ్రటి అయస్కాంతం తెచ్చాడు. కారు పైకప్పు మీద పెట్టాడు, టక్కున అంటుకుంది. తలుపు మీద పెట్టాడు, అంటుకుంది. ఊడిన పెచ్చు పక్కన పెట్టాడు. అది జారి కింద పడింది. తీసి మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది.

"పుట్టీ హై బాబూజీ," అన్నాడు. గోడకి రంగేసే ముందు లప్పం పెట్టినట్టు, సొట్ట పడిన రేకుని పుట్టీతో నింపి పైన రంగు కొట్టారు. నాకు పసుపులా కనిపించిన పచ్చటి పొర ఆ పుట్టీయే. "గాడీ ఠుకీ హుయీ హై." ఫ్యాక్టరీ నుంచి ట్రెయిలర్ మీద వచ్చేటప్పుడో, దించేటప్పుడో దెబ్బ తగిలిన బండి అది.

మా ఆవిడ అయస్కాంతం ఆయన చేతిలోంచి తీసుకుంది. బానెట్ నడిమధ్యన, మూడు నెలలకి పైగా శుక్రవారం బొట్లు పెట్టిన చోట పెట్టింది. టక్కున పట్టుకుంది. లాగితే గానీ రాలేదు. అక్కడ ఒక్క పెచ్చు లేదు, ఒక్క గీత లేదు. ఊడిందంతా మూరెడు దూరంలో, ఎడమ అంచున. ఇన్నాళ్ళూ ఆ సంగతి నా కళ్ళ ముందే ఉంది. కళ్ళుండీ చూడలేదు.

"భయ్యా, హల్దీ సే తో నహీ హువా నా?" అని అడిగింది. 

ముసలాయనకి ప్రశ్నే అర్థం కాలేదు. "హల్దీ? గీలా కపడా మారో, నికల్ జాతీ హై," అన్నాడు. తడిగుడ్డ పెడితే పోయేదాని గురించి ఇంత దూరం ఎందుకొచ్చారని ఆయన ఉద్దేశం. తర్వాత నా వైపు తిరిగాడు. రంగు కొట్టినవాడు చలికాలంలో కొట్టాడని, కనీసం వారం ఆరనివ్వాల్సింది ఒక్కరోజు కూడా ఆగలేదని చెప్పాడు. "సూఖ్‌నే హీ నహీ దియా. డెలివరీ జల్దీ మే లీ థీ క్యా?"

తొందరపడి తీసుకున్నారా అని అడిగాడు, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది. బుధవారం సాయంత్రం ఫోను, గురువారం తొమ్మిదింపావు, నా రాతపూర్వకమైన బెదిరింపు, అన్నీ ఒక్కసారి వరసగా నిలబడ్డాయి. పది రోజుల్లో రావాల్సిన బండి ఒక్కరాత్రిలో ఎక్కణ్ణుంచి ఊడిపడిందో అప్పుడు తెలిసింది. దెబ్బతిని యార్డు మూల పడి ఉన్న వెండిరంగు బండికి నా ముహూర్తం కోసం రంగు పులిమారు. ఆ గురువారం కారెక్కగానే మా ఆవిడ "పెయింటు కంపు కొడుతోందండీ" అంటే, కొత్త బండి వాసన అలాగే ఉంటుంది, నీకేం తెలుసు అన్నాను.

నీళ్ళు నమిలి, లేదన్నాను ముసలాయనతో.

మా ఆవిడ ఆ జవాబు విన్నది.  ఇంటికొచ్చాక చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టి, తాపీగా చెప్పింది. "వాళ్ళు రంగేస్తే వేశారు, లేకపోతే మానారు. నాకు రంగక్కర్లేదు. పసుపు వల్ల కాదని ఒక్క ముక్క రాయించుకు రండి. ఐదు ఉత్తరాల్లో పసుపు పసుపని రాసి పంపారు వాళ్ళు. వ్రతంలో మీరు అందరి ముందూ అన్నారు. ఆ కాయితం తెస్తే నేను ఇంకేం అడగను."

"తెస్తాను. తాడో పేడో తేల్చుకునే వస్తాను," అన్నాను. ఆ క్షణంలో నిజంగానే అన్నాను.

సోమవారం ఒక్కణ్ణే వెళ్ళాను. ఈసారి అడ్వైజరు దగ్గర ఆగకుండా వర్క్స్ మేనేజరు గదిలోకి దూసుకెళ్ళాను. అయస్కాంతం సంగతి చెప్పి, కన్జ్యూమర్ కోర్టుకి లాగుతానని బల్ల గుద్దాను. ఆయన కదల్లేదు. సన్నగా ఉంటాడు, గోళ్ళు నీటుగా కత్తిరించుకున్నాడు, మాట మెత్తన. నా కోసం కప్పూ సాసరుతో టీ తెప్పించాడు. నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా ఆయనకి కొత్త కాదని ఆ మొహం చూస్తేనే తెలిసింది. వాళ్ళకి మొదటిరోజు నుంచీ తెలుసు. తెలిసే పసుపని రాస్తూ వచ్చారు. ఇంతకన్నా నీచం ఇంకొకటుండదని అప్పటికి అనుకున్నాను.

ఆయన డ్రాయర్లోంచి ఒక ఫైలు తీసి, అందులోంచి నా ఉత్తరమే నా ముందు పెట్టాడు. ఫలానా గురువారం తొమ్మిదింపావు లోపు బండి ఇచ్చి తీరాలి, ఏ కారణమూ వినను అని ఫిబ్రవరిలో నేను రాసి సంతకం పెట్టినది. "సర్, మీరు కోర్టుకెళ్తే మా వకీలు మొదట చదివేది ఇదే. మేడమ్ కూడా వస్తారు కదా సాక్ష్యానికి?" అన్నాడు.

ఆ ఉత్తరం నా కేసుని చంపేసేది కాదు. దెబ్బతిన్న బండిని కొత్తదని అమ్మడం ఎవరు తొందరపెట్టినా మోసమే, ఆ మాత్రం నాకు తెలుసు. ఆయన కూడా దాన్ని కోర్టు కోసం చూపించలేదు. నన్ను చూసి, మా ఆవిడ ముందు దాన్ని చదవడమే నాకు నొప్పని కనిపెట్టి చూపించాడు.

తర్వాత దారి కూడా ఆయనే చెప్పాడు. బానెట్, మడ్‌గార్డ్ రెండూ కొత్తవి బిగించి కంపెనీ రంగే వేస్తారు, ఉచితంగా, పెద్దమనసుతో. కానీ ఫైలు మూసెయ్యడానికి కారణం కావాలి. బండి ముందే దెబ్బతిన్నదని రాస్తే నలుగురి ఉద్యోగాలు పోతాయి. పసుపని ఇప్పటికే రికార్డులో ఉంది కాబట్టి, అదే నేను ఒప్పుకుంటున్నట్టు రెండు లైన్లు ఉంటే చాలు. "పేపర్ హీ తో హై సర్. ఎవరు చూస్తారు?"

రెండు లైన్లు ఆయనే కంప్యూటర్లో కొట్టి తెచ్చాడు. ఘోరమైన ఇంగ్లీషు. ఏవో పూజా వస్తువుల వల్ల రంగు పోయింది, కంపెనీ తప్పు లేదు, అని ముక్కలు ముక్కలుగా ఉంది. చదువుతుంటే నా చెయ్యి దానంతటదే జేబులోని పెన్ను తీసింది. ఇరవై ఏళ్ళ అలవాటు. ఏవో పూజా వస్తువులు అన్నది కొట్టేసి, పసుపు ముద్ద అని రాశాను. ఆ పసుపు ఎవరు పూశారో లేదు కాబట్టి, నా భార్య పూసినది అని చేర్చాను. ఇంకా ఏదో వెలితిగా అనిపించింది. బండి యజమానికి బాధ్యత లేదన్నట్టు ఒక మాట పడితే చిత్తుప్రతి నిండుగా ఉంటుంది. పెన్ను ఒక్క క్షణం గాలిలో ఆగి, నేను పదేపదే వారించినప్పటికీ, అని రాసింది. మళ్ళీ ఒకసారి చదువుకున్నాను. బాగా కుదిరిందనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను. కింద సంతకం పెట్టాను.

మళ్ళీ టైపు చేయించనక్కర్లేదు సర్, ఇదే ఫైల్లో పెట్టేస్తాను అన్నాడు మేనేజరు. పెట్టేశాడు. ఇద్దరం చేతులు కలుపుకున్నాం. ఆయన చెయ్యి చల్లగా, పొడిగా ఉంది. నాదే చెమటతో జిగురుగా ఉంది.

ఇంటి గుమ్మంలోనే ఎదురొచ్చింది మా ఆవిడ. "ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు. మొత్తం మార్చేస్తారు."

"పసుపు వల్ల కాదని రాసిచ్చారా?"

"ఆఁ. వాళ్ళ ఫైల్లో పెట్టారు. కాపీ బయటికి ఇవ్వరట, రూలు."

రూలు అన్న మాట మా ఇంట్లో ఎవరూ దాటరు. ఆవిడ దండం పెట్టుకుంది. దేవుడికి కాదు, నాకే, సరదాగా చేతులెత్తి. వెంటనే రాజమండ్రిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, "మీ బావగారు వాళ్ళ మెడలు వంచి రాయించారే," అని చెప్పింది. వ్రతంలో నవ్విన ఆంటీలందరికీ ఒక్కొక్కరికే విడివిడిగా చెప్పింది. నేను పక్క గదిలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

వారంలో కారు తిరిగొచ్చింది. అద్దంలా ఉంది. ఆ శుక్రవారం మా ఆవిడ పసుపు గిన్నె పట్టుకుని మళ్ళీ బయటికొచ్చి, బానెట్ మీద ఇదివరకటి కంటే పెద్ద బొట్టు పెట్టింది. నేను ఆ బొట్టు వైపు చూడకుండా, "నువ్వు డ్రైవింగ్ నేర్చుకోరాదూ," అన్నాను. ఏదో ఒకటి ఇచ్చి సరిపెట్టుకుందామని. ఆవిడ నిజంగానే నేర్చుకుంది. కాలనీ గ్రౌండు చుట్టూ పొద్దున్నే తిరిగి, దీపావళి నాటికి కూరగాయలకి ఒక్కతే వెళ్ళి వచ్చేది. హారను కొట్టడమంటే మహా సరదా.

డిసెంబరులో పార్లమెంటు నడుస్తోంది. ఎంపీల ప్రశ్నలకి జవాబులు తయారుచేస్తూ నేను ఊపిరాడకుండా ఉన్నాను. కారు సర్వీసు గడువు దగ్గరపడింది. "మీరు కంగారు పడకండి, నేనే తీసుకెళ్తాను," అంది మా ఆవిడ. వద్దనడానికి ఒక్క కారణం కూడా తోచలేదు. తోచినదాన్ని పైకి అనలేను.

ఆ సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరాను. వంటింట్లో చప్పుడు లేదు. మా అమ్మాయి హాల్లో కూర్చుని ఉంది, టీవీ కట్టేసి ఉంది. నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. భోజనాల బల్ల మీద ఒక జిరాక్సు కాగితం, ఎగరకుండా దాని మీద కారు తాళం చెవులు.

"కౌంటర్లో పిల్లాడు నంబరు చూసి 'అచ్ఛా, హల్దీ వాలీ గాడీ' అన్నాడండి," అంది మా ఆవిడ. గోడకానుకుని నిలబడి ఉంది. "నేను నవ్వాను. అది పసుపు వల్ల కాదని మీ కంపెనీయే రాసిచ్చింది కదా అని, ఫైలు తియ్యమన్నాను. పాపం తీశాడు. కాపీ అడిగితే ఇచ్చాడు కూడా. రూలేం అడ్డం రాలేదు."

నేను కాగితం వైపు చూడలేదు. అందులో ఏముందో నాకు కంఠతా వచ్చు.

"టైపు చేసింది వాళ్ళు. అది నాకు పట్టదు. వాళ్ళు మొదట్నించీ అదే అన్నారు." దగ్గరికొచ్చి, నా చేతిరాత మీద వేలు పెట్టింది. పసుపు ముద్ద దగ్గర కాదు, నా భార్య దగ్గర కూడా కాదు. ఆ చివరి మాట దగ్గర. "పదేపదే వారించినప్పటికీ అన్నారు. ఒక్కసారి చెప్పండి, ఎప్పుడు వారించారు నన్ను?"

నేను ఆలోచించాను. సిగ్గు లేకుండా, నిజంగానే ఆలోచించాను, ఒక్కసారైనా దొరుకుతుందేమోనని. నాకు దొరికింది ఒక్కటే, షోరూంలో గడియారం చూస్తూ తొందరగా పెట్టు, తొందరగా పెట్టు అన్న నా గొంతు.

ఆవిడ వేలు ఆ మాట మీదే ఉంది. జవాబు కోసం నిలబడే ఉంది.